టైమ్‌షీటులో 38 గంటలు, ఫారంలో ఒక మాట

2023 అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం మా కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్ నన్ను తన గదికి పిలిచి, ఒక కవరు చేతిలో పెట్టి, అందినట్టు సంతకం చేయించుకున్నారు. ఆవిడ ఏమీ అనలేదు, తలుపు మాత్రం దగ్గరగా వేశారు. కవరులో అమెరికా రక్షణ శాఖ పంపిన 'స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్' ఉంది. ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి కావలసిన అనుమతి, అంటే సెక్యూరిటీ క్లియరెన్స్, నాకు ఎందుకు ఇవ్వలేకపోతున్నారో వరుసగా రాసిన పత్రం అది. అందరూ ఎస్‌ఓఆర్ అంటారు.

నా పత్రంలో ఐదు ఆరోపణలు ఉన్నాయి. 1.ఎ, బ్యాంకు రానిబాకీగా కొట్టేసిన క్రెడిట్ కార్డు, 14,212 డాలర్లు. 1.బి, కలెక్షన్స్‌కి, అంటే వసూలు చేసేవాళ్ల చేతికి పోయిన ఇంకో కార్డు, 9,640 డాలర్లు. 1.సి, కట్టడం మానేసిన పర్సనల్ లోన్, 6,875 డాలర్లు. 2.ఎ, 2021 మే నెలలో పని చేయని 38 గంటలకు జీతం తీసుకున్నాను. 2.బి, ఆ సంగతి క్లియరెన్స్ కోసం నింపిన ఫారంలో దాచాను.

ఐదూ నిజమే. కారు పార్కింగ్‌లో కూర్చుని మళ్లీ మళ్లీ చదివాను. మొదటి మూడూ చదువుతుంటే సిగ్గేసింది. చివరిది చదివినప్పుడు మాత్రం చేతులు చల్లబడ్డాయి.

వర్జీనియా, మేరీలాండ్ వైపు ఉన్న మనవాళ్లలో పౌరసత్వం వచ్చాక ఫెడరల్ ప్రాజెక్టులకు మారేవాళ్లు చాలామందే ఉన్నారు. క్లియరెన్స్ ఇచ్చేది పౌరులకే, గ్రీన్‌కార్డు సరిపోదు. వచ్చినవాళ్లు వచ్చిందని చెప్తారు. ఎస్‌ఓఆర్ అందుకున్నవాళ్లు మాత్రం నోరు మెదపరు. అప్పు, ఉద్యోగం పోవడం, ఈ రెండూ మన ఇళ్లల్లో నలుగురిలో చెప్పుకునే మాటలు కావు. నేనూ ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరైనా రాసి ఉంటే బాగుండునని ఆ రోజుల్లో ఎంతో అనుకున్నాను, అందుకే రాస్తున్నాను.

అప్పులు 2020 మేలో మొదలయ్యాయి. కోవిడ్‌లో మా ప్రాజెక్టు ఆగి, నన్ను తీసేశారు. ఏడు నెలలు ఖాళీగా ఉన్నాను. ఇంటి వాయిదా తప్పకూడదని నిరుద్యోగ భృతి అంతా దానికే పోసి, మిగతా ఖర్చులు కార్డుల మీద నెట్టుకొచ్చాను. 2021 జనవరిలో ఒక కంపెనీలో కాంట్రాక్టు దొరికింది. ఇక తేరుకుంటాం అనుకునేలోపు మే నెల వచ్చింది. రెండో వేవ్‌లో గుంటూరులో నాన్నను ఆసుపత్రిలో చేర్చారు. పంతొమ్మిది రోజులు ఉన్నారు, పదకొండు లక్షలు దాటింది. తమ్ముడు కొంత సర్దాడు. మిగతాది నేను కార్డుల మీద క్యాష్ అడ్వాన్స్ తీసి, ఒక పర్సనల్ లోన్ పెట్టి పంపాను. ఒక స్నేహితుడు అయిదు వేల డాలర్లు చేబదులు ఇచ్చాడు. నాన్న బతికారు. ఆ డబ్బు విషయంలో నాకు ఈరోజుకీ విచారం లేదు.

విచారమల్లా టైమ్‌షీటు గురించే.

గుంటూరులో పగలంటే మాకు రాత్రి. తమ్ముడు వాట్సాప్‌లో ఆక్సిజన్ అంకెలు పెట్టేవాడు. 88, 84, మళ్లీ 87. రాత్రంతా ఫోను పట్టుకుని, తెల్లారాక లాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ని. మూడు నాలుగు గంటలు పని చేసి నిద్రలోకి జారిపోయేవాణ్ని, లేదా డబ్బు కోసం ఎవరికో ఒకరికి ఫోన్లు చేస్తూ ఉండేవాణ్ని. శుక్రవారం సాయంత్రం టైమ్‌షీటు నింపాలి. సోమవారం గడిలో 8 కొట్టి ట్యాబ్ నొక్కాను. మంగళవారం గడిలో 8, మళ్లీ ట్యాబ్. అర నిమిషంలో వారం అయిపోయింది. అలా తొమ్మిది రోజులు, లెక్క తేలితే 38 గంటలు. ఉద్యోగంలో కొత్తవాణ్ని, సెలవులు లేవు. జీతం లేని సెలవు అడిగితే ఇచ్చేవారేమో. కానీ కార్డు వాయిదాలు కళ్ల ముందు ఆడుతుంటే ఒక్క రోజు జీతం కూడా వదులుకోవాలనిపించలేదు.

ఆగస్టులో ఆడిట్ జరిగింది. నేను సిస్టంలో ఉన్న సమయానికీ, టైమ్‌షీటులో రాసిన గంటలకూ పొంతన లేదని హెచ్‌ఆర్ వాళ్లు ముందు పెట్టారు. ఒప్పుకున్నాను. రాజీనామా చేస్తావా, మేమే తీసెయ్యాలా అన్నారు. రాజీనామా చేశాను. 38 గంటల జీతం చివరి చెక్కులోంచి కోసుకున్నారు. ఇంట్లో మాత్రం ప్రాజెక్టు అయిపోయిందని చెప్పాను.

2022 మొదట్లో వేరే ఉద్యోగం వచ్చింది. మార్చి నుంచి మొదటి కార్డు బ్యాంకుతో ఒప్పందం కుదుర్చుకుని నెలకు 500 చొప్పున, జూన్ నుంచి రెండో కార్డుకి నెలకు 300 చొప్పున కట్టడం మొదలుపెట్టాను. పర్సనల్ లోన్ జోలికి పోలేదు. వాళ్ల ఫోను వస్తే ఎత్తేవాణ్ని కాదు.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో రక్షణ శాఖ కాంట్రాక్టు ఉన్న కంపెనీలో చేరాను. ఆ పనికి 'సీక్రెట్' స్థాయి క్లియరెన్స్ కావాలి. ఎస్‌ఎఫ్-86 అనే ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. అచ్చు తీస్తే నూరు పేజీలు దాటుతుంది. చిరునామాలు, ఉద్యోగాలు, బంధువులు, విదేశాల్లో ఉన్న పరిచయస్తులు, వాళ్లకు పంపిన డబ్బు, అన్నీ అడుగుతారు. అమ్మానాన్నలూ తమ్ముడూ ఇండియాలో ఉన్నారు కాబట్టి దాని మీదే పట్టుకుంటారని నా భయం. తీరా చూస్తే ఎస్‌ఓఆర్‌లో వాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. దొరికిపోయింది వేరే చోట.

అప్పుల గురించి అడిగే 26వ సెక్షన్‌లో మూడు అప్పులూ ఉన్నవి ఉన్నట్టు రాశాను. ఎలాగూ క్రెడిట్ రిపోర్టు తీస్తారని తెలుసు. ఉద్యోగాల గురించి అడిగే 13వ సెక్షన్‌లో ఒక ప్రశ్న ఉంది. గత ఏడేళ్లలో మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేశారా, తీసేస్తామని చెప్పాక మీరే మానేశారా, తప్పు చేశారన్న ఆరోపణ వచ్చాక ఇరువైపులా మాట్లాడుకుని వెళ్లిపోయారా అని విడివిడిగా అడుగుతారు. ప్రశ్నలోనే నా కథంతా ఉంది. తప్పించుకునే సందు లేదు. ఆ ముందు వారమే ఒక స్నేహితుణ్ని అడిగాను. "రాజీనామా చేశావుగా అన్నా, అదే రాయి. హెచ్‌ఆర్ వాళ్లని అడిగితే తేదీలు, హోదా తప్ప ఏమీ చెప్పరు" అన్నాడు. నా మనసు వినాలనుకున్నదీ అదే. 'కాదు' అని టిక్ పెట్టి, మానేసిన కారణం దగ్గర 'మెరుగైన అవకాశం' అని రాసి సబ్మిట్ కొట్టాను.

సీక్రెట్ స్థాయికి మామూలుగా ఇంటర్వ్యూ ఉండదు. ఫారంలో ఏదైనా తేడా కనిపిస్తే పిలుస్తారు. అప్పుల వల్ల నన్ను 2023 ఫిబ్రవరిలో పిలిచారు. దర్యాప్తు పూర్తయ్యేలోపు తాత్కాలికంగా ఇచ్చే మధ్యంతర క్లియరెన్స్ కూడా నాకు రాలేదు. ముందు రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక నా భార్య అడిగింది, "రేపు దేని గురించి అడుగుతారండీ?" అని. కార్డుల గురించే అన్నాను. అని ఊరుకోలేకపోయాను. టైమ్‌షీటు సంగతి, రాజీనామా సంగతి, ఫారంలో రాసిన మాట, అన్నీ చెప్పేశాను. తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది, "ఇంకా ఏమున్నాయి? ఉంటే అన్నీ ఇవాళే చెప్పెయ్యండి." లోన్ వాళ్ల ఉత్తరాలు నా లాప్‌టాప్ బ్యాగు అడుగు అరలో ఉన్నాయి. తెచ్చి టేబుల్ మీద పెట్టాను. ఒక్కొక్కటీ విప్పి తేదీల వారీగా సర్దింది. రెండయ్యేదాకా కూర్చున్నాం.

ఇంటర్వ్యూ మా ఊరి లైబ్రరీలో ఒక చిన్న గదిలో జరిగింది. ఇన్వెస్టిగేటర్ బ్యాడ్జి చూపించి, అబద్ధం చెప్తే ఫెడరల్ నేరమని గుర్తు చేసి, చేతిరాత నోట్సు తెరిచారు. మొదటి ప్రశ్న రాకముందే "నా ఫారంలో ఒక జవాబు తప్పు, దిద్దుకోవాలి" అన్నాను. ఆయన పెన్ను ఆపి నన్ను చూశారు, పేజీ తిప్పి, "చెప్పండి" అన్నారు. చెప్పాను. పొరపాటున రాశారా, తెలిసే రాశారా అని అడిగారు. తెలిసే రాశానన్నాను. ఆ మాట నోట్సులో రాసుకోవడం నేను చూశాను. పొరపాటు అని ఉంటే ఆ పూట గండం గడిచేదేమో. కానీ ముందు రాత్రి టేబుల్ దగ్గర కూర్చున్నాక ఇంకో అబద్ధం నోటికి రాలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఎస్‌ఓఆర్ వచ్చింది. 20 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కో ఆరోపణకీ ఒప్పుకుంటున్నాను, లేదా కాదంటున్నాను అని రాసి, నోటరీ ముందు సంతకం పెట్టాలి. జడ్జి ముందుకు వస్తారా, కాగితాల మీదే తేల్చమంటారా అని కూడా అడుగుతారు. నేను విచారణే కోరుకున్నాను. లాయరు ఫీజు వేలల్లో ఉంది. అప్పులు ఎందుకు తీర్చలేదో చెప్పుకోవడానికి కొత్తగా అప్పు చెయ్యాలనిపించలేదు. ఇది నేను నిలబడ్డ తీరు మాత్రమే. కేసు చిక్కుగా ఉన్నవాళ్లు లాయరును పెట్టుకోవడమే మంచిది.

ఈ కేసులు విచారించే సంస్థ పేరు డిఫెన్స్ ఆఫీస్ ఆఫ్ హియరింగ్స్ అండ్ అప్పీల్స్, పొట్టిగా డోహా. వాళ్ల తీర్పులు పేర్లు తీసేసి అందరికీ అందుబాటులో పెడతారు. నవంబర్, డిసెంబర్ రాత్రులన్నీ అవి చదువుతూ గడిపాను. విడాకుల తర్వాత కుప్పకూలినవాళ్లు, పన్ను రిటర్నులు నాలుగైదేళ్లు వెయ్యనివాళ్లు, జూదంలో పోగొట్టుకున్నవాళ్లు. చదివేకొద్దీ జడ్జీలు ఎటు చూస్తారో కొంచెం కొంచెం అర్థమైంది.

2017 జూన్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో 13 గైడ్‌లైన్లు ఉన్నాయి. నావి రెండు. అప్పులకి 'ఎఫ్', ప్రవర్తనకి 'ఇ'. అప్పు ఎంత అన్నది ఒక్కటే లెక్కలోకి రాదు. ఎందుకైంది, చెయ్యి దాటిన పరిస్థితి వల్లనా, ఆ పరిస్థితిలో బాధ్యతగా నడుచుకున్నారా, ఎప్పటినుంచి కడుతున్నారు అని చూస్తారు. ఉద్యోగం పోవడం, ఇంట్లో జబ్బు లాంటివి నిబంధనల్లోనే రాసి ఉన్నాయి. ఏడేళ్లయితే క్రెడిట్ రిపోర్టులోంచి పోతుందిలే అని ఊరుకున్నవాళ్లను మాత్రం జడ్జీలు ఒప్పుకోవడం లేదు. ఎస్‌ఓఆర్ వచ్చాక హడావుడిగా కట్టినదానికి, అంతకుముందు నుంచీ కడుతున్నదానికీ చాలా తేడా చూపిస్తారు. అది చదివిన రాత్రి నా కడుపులో రాయి పడింది. పర్సనల్ లోన్ వాళ్లతో మాట్లాడి నెలకు 400 కట్టడం మొదలుపెట్టింది నేను అదే నవంబర్‌లో, ఎస్‌ఓఆర్ చేతికి వచ్చాకే.

ఇక కాగితాల వేట. కట్టానని నోటితో చెప్తే చాలదు. ప్రతి వాయిదాకీ బ్యాంకు స్టేట్‌మెంటు, ఒప్పందపు ఉత్తరం, నెలసరి ఆదాయ వ్యయాల పట్టిక ఉండాలి. మొదటి కార్డు 6,000కి సెటిల్ అయింది. బ్యాంకు వదిలేసిన 8,212 డాలర్లను ఆదాయంగా చూపిస్తూ 1099-సి ఫారం పంపింది. దాన్ని రిటర్నులో చూపి పన్ను కట్టాను, ఆ కాగితం కూడా పెట్టాను. ఈ సంగతి తెలియక వదిలేసేవాళ్లు ఉంటారు. వదిలేస్తే తీరిన అప్పు పన్ను బాకీగా తిరిగొస్తుంది. చేబదులుకు మా మధ్య కాగితమే లేదు. నా స్నేహితుడు ఎంత ఇచ్చాడో, ఎంత ముట్టిందో ఉత్తరం రాసి నోటరీ చేయించి ఇచ్చాడు. "మన మధ్య ఇదేంట్రా" అంటూనే చేయించాడు.

నాన్న ఆసుపత్రి ఖర్చుకి రుజువు ఎలాగా అనుకుంటున్నప్పుడు తమ్ముడు ఫోటో పెట్టాడు. నాన్న సహకార సొసైటీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన గదిలో గోడకి ఒక ఇనుప చువ్వ వేలాడుతుంటుంది. కరెంటు బిల్లు, ఎరువుల రసీదు, పాల లెక్క, ఇంటికొచ్చిన ప్రతి కాగితాన్నీ దానికి గుచ్చుతారు. ఆసుపత్రి నుంచి వచ్చాక, ఇంకా నడవలేని స్థితిలో కూడా, తమ్ముడి జేబుల్లోంచి బిల్లులన్నీ తీయించి గుచ్చారట. మందుల షాపు బిల్లులు, స్కానింగ్ రసీదులు, ఐసీయూ రోజుల లెక్క, అన్నీ వరుసలో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి వస్తున్న ఒక పెద్దావిడ చేత పంపించారు. అన్నిటికీ నట్టనడుమ ఒకే చోట చిల్లు. ఒకటి మాత్రం తెలుగులో చేత్తో రాసిన రసీదు. 'ఆక్సిజన్ సిలిండరు, 2 రోజులు, అంబులెన్సుతో కలిపి.' దానికి ఇంగ్లీషు అనువాదం చేయించి జత చేశాను.

విచారణ 2024 మార్చిలో ఆర్లింగ్టన్‌లో జరిగింది. చిన్న గది. జడ్జి, ప్రభుత్వం తరఫు లాయరు, మాటలు రికార్డు చేసే ఆవిడ, నేను. సాక్షులుగా నా మేనేజరు, నా భార్య బయట కూర్చున్నారు. ఇక్కడ బరువంతా మన మీదే. ఆరోపణ నిజమని తేలాక, అయినా నమ్మదగినవాణ్నని చూపించుకోవాల్సింది మనమే. ఏ మూల అనుమానం మిగిలినా అది దేశభద్రత వైపే మొగ్గుతుంది.

ప్రభుత్వ లాయరు మర్యాదగానే అడిగారు. కానీ ఒక్క ప్రశ్నా వదల్లేదు. నా నెల పట్టికలో ఇండియాకి పంపే 250 డాలర్ల మీద వేలు పెట్టి, "లోన్ కట్టని రెండేళ్లూ ఇది పంపుతూనే ఉన్నారా?" అన్నారు. అవునన్నాను. "అంటే కట్టే స్తోమత ఉండి కట్టలేదు?" నాన్న మందులు అనబోయాను. ఆగాను. నెలకు 250లో అమ్మానాన్నల మందులు పోతాయి, నిజమే. కానీ లోన్ వాళ్ల ఫోను ఎత్తి ఎంతో కొంత కడతానని అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అదే చెప్పాను. "ఆ ఒక్కటీ భయంతో వదిలేశాను. ఎస్‌ఓఆర్ వచ్చాకే మొదలుపెట్టాను. దానికి వేరే కారణం లేదు" అన్నాను.

టైమ్‌షీటు గురించి జడ్జే అడిగారు. "మీ మేనేజరును సెలవు అడిగి ఉంటే ఏమయ్యేది?"

"ఇచ్చేవారు, యువర్ ఆనర్."

ఆయన కాసేపు కాగితాలు తిరగేశారు. చిల్లులున్న బిల్లుల దగ్గర ఆగి, ఇవి ఎందుకిలా ఉన్నాయని అడిగారు. నాన్న చువ్వ గురించి చెప్పాను. చెప్తుంటే గొంతు పట్టేసింది, మంచినీళ్లు తాగమన్నారు.

నా భార్యను అడిగినప్పుడు తను ఏం చెప్తుందో నాకు తెలియదు. ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. "అంతకుముందు నాకూ అబద్ధమే చెప్పారు. ఆ రాత్రి నుంచి ఇంటి లెక్క నేనే రాస్తున్నాను" అని, పద్నాలుగు నెలల లెక్కల పుస్తకం బ్యాగులోంచి తీసి టేబుల్ మీద పెట్టింది. అది తెస్తుందని నాకు తెలియదు. జడ్జి దాన్ని కూడా ఎగ్జిబిట్‌గా తీసుకున్నారు.

తీర్పు జూన్‌లో వచ్చింది. పదమూడు పేజీలు. 1.ఎ, 1.బి సులువుగా తేలాయి. 1.సి దగ్గర ఎస్‌ఓఆర్ తర్వాత కట్టినదానికి తక్కువ విలువే ఇవ్వగలనని రాసి, మిగతా రెండిటి చరిత్ర చూసి నా వైపు తేల్చారు. 2.ఎ గురించి, నేరుగా ఒప్పుకున్నాననీ, డబ్బు తిరిగిచ్చాననీ, మూడేళ్లుగా టైమ్‌షీటులో అలాంటిది మళ్లీ జరగలేదనీ అన్నారు. అన్నిటికంటే పొడుగ్గా రాసింది 2.బి గురించే. ఫారంలో అబద్ధం ఉద్దేశపూర్వకమేనని స్పష్టంగా తేల్చారు. అయితే ఎవరూ నిలదీయకముందే, మొదటి అవకాశంలోనే తనంతట తాను దిద్దుకున్నాడు కాబట్టి నిబంధన ప్రకారం దానికి మినహాయింపు వర్తిస్తుందన్నారు. ఇన్వెస్టిగేటర్ ఆ సంగతి ముందు పెట్టి నిలదీశాక చెప్పి ఉంటే ఆ మినహాయింపు ఉండేది కాదు. ముప్పై వేల డాలర్ల అప్పు దాటగలిగాను. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం వెంట్రుకవాసిలో బయటపడ్డాను.

ప్రభుత్వం అప్పీలుకు వెళ్లాలంటే 15 రోజుల గడువు ఉంటుంది. ఆ పదిహేను రోజులూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు క్రెడిట్ రిపోర్టును కొన్నేళ్లకోసారి కాదు, నిరంతరం చూస్తుంటారు. రెండో కార్డు ఆఖరి వాయిదా 2025 జనవరిలో కట్టాం. లోన్ ఇంకా నడుస్తోంది, ఒక్క నెల కూడా తప్పలేదు. లెక్క నా భార్యే రాస్తోంది.

గడువు దాటిన రోజు నాన్నకి ఫోన్ చేశాను. క్లియరెన్స్ అంటే ఏమిటో రెండుసార్లు చెప్పినా ఆయనకు అంతగా పట్టలేదు. ఉద్యోగం నిలబడిందిగా అన్నారు. నిలబడింది నాన్నా అన్నాను.

"మరి నా కాగితాలు తిరిగిచ్చారా?"

"వాళ్లకి నకళ్లే ఇచ్చాను. అసలువన్నీ నా దగ్గరే ఉన్నాయి."

"వచ్చేటప్పుడు జాగ్రత్తగా పట్రా. వరుస తప్పకుండా మళ్లీ గుచ్చాలి."